మనవాడికి ఒక తూకం, పరాయివాడికి ఒక తూకం

ఎన్నికల తేదీలు వెలువడగానే మన పల్లెలలోను, పేటలలోను ఒక మాట వినిపిస్తుంది: "మాది ఫలానా పార్టీ ఇల్లు." ఇంటిపేరు చెప్పుకున్నంత తేలికగా పార్టీ పేరు చెప్పుకుంటాం. తాతగారు ఏ గుర్తుకు వేశారో తండ్రిగారు అదే గుర్తుకు వేశారు. కొడుకు, కోడలు కూడా అదే గుర్తుకు వేయాలి. నిలబడిన మనిషి ఎవరు, గడచిన ఐదేళ్లు ఏమి చేశాడు, రాబోయే ఐదేళ్లు ఏమి చేయగలడు అన్న ప్రశ్న ఆ ఇంట పుట్టదు. పుట్టినా, అడిగినవారు ఇంటికి ద్రోహం తలపెట్టినవారిలా కనబడతారు.

ఒక పార్టీని అభిమానించడం పాపమా? కాదు. నేటి ప్రపంచంలో శ్రీసభను గురించి రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన పత్రం రాజకీయ పార్టీలను తప్పుపట్టలేదు. లోకవ్యవహారాలలో విశ్వాసుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉండడం న్యాయమేనని ఒప్పుకుంది. అయితే పార్టీలు సర్వజనుల మేలు కోసం పనిచేయాలని, ఆ మేలుకంటె సొంత లాభాన్ని ఏనాడూ ముందు పెట్టుకోరాదని హెచ్చరించింది. తన అభిప్రాయమే శ్రీసభ అభిప్రాయమని చాటుకునే హక్కు ఎవరికీ లేదని కూడా అదే పత్రం చెప్పింది. కనుక ఏ పార్టీకి వేయాలో, ఏ పార్టీకి వేయకూడదో ఇక్కడ చెప్పబోవడం లేదు. మన ముందున్న ప్రశ్న వేరు. పార్టీ అభిమానం ఎంతవరకు ధర్మం? ఎక్కడినుండి అది మన మనస్సాక్షిని మరొకరి చేతిలో పెట్టడం అవుతుంది?

"నా ఓటు నా ఇష్టం" అంటాం. చట్టం దృష్టిలో అది నిజమే. కాని నా ఓటుతో గెలిచినవాడు నన్నొక్కడినే పాలించడు. అంగన్‌వాడీకి వెళ్లే పసిబిడ్డకు, ఇంకా పద్దెనిమిదేళ్లు నిండని మన పిల్లలకు, పొట్ట చేత పట్టుకొని దూరదేశం వెళ్లి పోలింగు రోజుకు తిరిగి రాలేని కూలీలకు కూడా అతడే ప్రతినిధి. వారి మంచిచెడులు కూడా మన వేలి కొసన ఉన్నాయి. ఆ లెక్కన ఓటు, నలుగురు మన దగ్గర నమ్మకంగా దాచిన సొమ్ము వంటిది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, పన్ను చెల్లించడంతోపాటు ఓటు వేయడాన్ని కూడా నైతిక బాధ్యతగా పేర్కొనడంలోని అర్థం ఇదే. దాచిన సొమ్ముతో మన సొంత అప్పులు తీర్చుకోవచ్చునా?

ఈ మాట ఎందుకు అడగవలసి వస్తున్నదంటే, పార్టీ అభిమానానికి మనవారు చెప్పే మొదటి కారణం కృతజ్ఞత. "ఆ పార్టీ మాకు ఇంటిస్థలం ఇచ్చింది." "1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట మూడుపూటలా పొయ్యి వెలిగింది." "2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది కనుక మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది." ఇటువంటి మాటలను తేలికగా కొట్టివేయరాదు. ఆకలి తెలిసిన ఇల్లు అన్నం పెట్టిన చేతిని మరచిపోదు. కృతజ్ఞత సుగుణమే. కాని రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ బియ్యం, ఆ ఇల్లు, ఆ ఆపరేషన్ ప్రజల ఖజానా నుండి వచ్చినవి. అగ్గిపెట్టె కొన్న కూలీ కట్టిన పన్ను కూడా అందులో ఉంది. ఆ పథకాన్ని ఆలోచించి అమలు చేసినవారికి మెప్పు దక్కాలి, అది న్యాయం. అట్లని ఆ మెప్పు కొడుకుకు, మనుమడికి, ఆ గుర్తుమీద నిలబడిన ప్రతివాడికి తరతరాలుగా చెల్లవలసిన కప్పం కాదు. నిన్నటి మేలుకు నమస్కారం చేద్దాం. ఓటు మాత్రం రేపటి పనికి వేసేది.

అభిమానం హద్దు దాటిందని గుర్తించడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మన తూకపురాళ్లను ఒకసారి సరిచూసుకోవడమే. రోడ్డు వేయకుండానే బిల్లు ఎత్తుకున్నవాడు ఎదుటి పార్టీవాడైతే "దొంగ" అంటాం. మన పార్టీవాడైతే "ఎవరు తినడం లేదు?" అంటాం. మన వైపునుండి అటు వెళ్లినవాడు "అమ్ముడుపోయాడు." అటునుండి మన వైపు వచ్చినవాడు "నియోజకవర్గం అభివృద్ధి కోసం వచ్చాడు." మన నాయకుని ఇంటి ఆడవారిని ఎవరైనా నిందిస్తే రక్తం ఉడుకుతుంది. ఎదుటి నాయకుని ఇంటి ఆడవారిని మనవాడు నిందిస్తే చప్పట్లు కొడతాం, ఆ వీడియోను పదిమందికి పంపుతాం. సంతలో రెండు రకాల రాళ్లు పెట్టుకొని అమ్మేవాడిని దేవుడు అసహ్యించుకుంటాడని పరిశుద్ధ గ్రంథం చెబుతున్నది. ఆ మాట కేవలం కొట్టువారికి చెప్పింది కాదు. ఒకే తప్పు మనవాడు చేస్తే తేలికగాను, పరాయివాడు చేస్తే బరువుగాను తూగుతున్నదంటే, పాడైనది మన త్రాసు.

ఈ సందర్భంలో నికొదేము గుర్తుకు వస్తాడు. ఆయన పరిసయ్యుడు. యూదుల పెద్దలలో ఒకడు. యేసును పట్టి తెమ్మని పంపిన భటులు ఊరకే తిరిగి వచ్చినపుడు ఆ పెద్దలు మండిపడ్డారు. అపుడు నికొదేము, మనిషి మాట వినకుండా, అతడు చేసినది తెలుసుకోకుండా తీర్పు చెప్పడం మన ధర్మశాస్త్రానికి తగునా అని అడిగాడు. ఆయన పరిసయ్యులను వదలి వెళ్లలేదు. వారిని వీధిలో పెట్టి దూషించలేదు. తమవారు గౌరవించే ధర్మశాస్త్రాన్నే తమవారికి గుర్తుచేశాడు. వారు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పారా? లేదు. నీవు కూడా గలిలీయుడవేనా అని ఎద్దేవా చేశారు. ఈనాడు మన రచ్చబండల దగ్గర జరిగేది కూడా ఇదే. "మనవాడు చేసింది సబబేనా?" అని ఒకరు అడిగితే, జవాబు రాదు. "నువ్వెప్పుడు ఆ పార్టీలో చేరావు?" అన్న ఎదురుప్రశ్న వస్తుంది. నికొదేము ప్రశ్న ఆనాడు యేసును కాపాడలేకపోయింది. అయినా యోహాను సువార్త ఆ ప్రశ్నను పదిలపరచింది. సొంత వర్గంలో ఉంటూనే న్యాయం అడగవచ్చునని అది మనకు నేర్పుతున్నది.

ఇక్కడ అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం చెబుతారు. "మనిషిని చూసి వేయమంటారు, బాగానే ఉంది. మంచివాడు చెడ్డ పార్టీలో ఉంటే ఏమి చేయగలడు? సభలో పార్టీ చెప్పినట్లే చేయి ఎత్తాలి గదా?" ఈ మాటలో నిజం ఉంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్‌కు విరుద్ధంగా సభలో ఓటు వేసిన సభ్యుడు తన సభ్యత్వాన్నే కోల్పోవచ్చు. కాబట్టి పార్టీని అసలు చూడవద్దని చెప్పడం తెలివైన సలహా కాదు. పార్టీ విధానాలు, గత పాలన, నాయకత్వం నడత, అన్నీ చూడవలసినవే. కాని పార్టీని తూచడం వేరు, పార్టీకి బందీ కావడం వేరు. పైగా శాసనసభ్యుడు చేసే పనులన్నీ విప్ కిందికి రావు. ఏ పేటకు ముందు మంచినీటి పైపు వేయించాలి, పోలీసు స్టేషనుకు ఫోను చేసి బాధితుని పక్షం మాట్లాడాలా కొట్టినవాని పక్షం మాట్లాడాలా, ఓటు వేయనివారి అర్జీ తీసుకోవాలా వద్దా, ఇవన్నీ ఆ మనిషి గుణాన్నిబట్టి జరిగేవి.

పంచాయతీ ఎన్నికలలోనైతే ఈ అభ్యంతరానికి కూడా చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఊరి బావికి, వీధి దీపానికి, మురుగు కాలువకు పార్టీ అక్కరలేదని చట్టమే అనుకుంది. మనమేమో ఆ అభ్యర్థుల వెనుక పార్టీని వెతికి పట్టుకుంటాం. ఫలానావాడు ఏ పార్టీ బలపరచిన అభ్యర్థి అని తేలిన తరువాతే అతడు మంచివాడో కాడో నిర్ణయిస్తాం. చట్టం తీసివేసిన గోడను మన చేతులతో మనమే తిరిగి కట్టుకుంటున్నాం.

అభ్యర్థిని గురించి తెలుసుకోవడం ఒకప్పుడు కష్టమే. ఇపుడు కొంత తేలికయింది. 2002, 2003 సంవత్సరాలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితంగా, శాసనసభకు, లోకసభకు పోటీచేసే ప్రతివారు తమ మీద ఉన్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. వాటిని ఎన్నికల సంఘం అందరికీ అందుబాటులో ఉంచుతుంది. కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంపిక చేశారో కారణాలు ప్రకటించాలని 2020లో అదే న్యాయస్థానం పార్టీలను ఆదేశించింది. కేసు ఉన్నంత మాత్రాన దోషి అని కాదు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసు వేరు, ఆడపిల్ల మీద అఘాయిత్యం చేసినందుకు పెట్టిన కేసు వేరు. చదివి, విడదీసి చూడాలి. మన ఇళ్లలో చదువుకున్న పిల్లలు ఉన్నారు. ఫోనులో ఆ కాగితం తెరచి అమ్మమ్మకు, తాతయ్యకు చదివి వినిపించడం వారు చేయగల మంచి సేవ.

పార్టీని దాటి చూడాలి అన్నపుడు మరొక గోతిలో పడకుండా జాగ్రత్తపడాలి. పార్టీ స్థానంలో కులాన్నో, మతాన్నో కూర్చోబెడితే "మనవాడు" అన్న పాత రోగం కొత్త పేరుతో మిగిలిపోతుంది. క్రైస్తవుడు అన్న ఒక్క కారణంతో అసమర్థునికి వేయడం, క్రైస్తవేతరుడు అన్న ఒక్క కారణంతో యోగ్యుని కాదనడం రెండూ దొంగ తూకాలే. అట్లని మన సమాజానికి జరిగిన అన్యాయాన్ని గురించి అడగకూడదని కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. దళిత క్రైస్తవులకు మాత్రం విస్తరించలేదు. 1990 తరువాత ఢిల్లీలో వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. ఈ ప్రశ్నను ప్రతి అభ్యర్థినీ అడగాలి. కాని ముందే ఖాయమైన ఓటు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం ఏ పార్టీకి ఉంటుంది? ఎలాగూ వేస్తారని ఒక పార్టీ పట్టించుకోదు. ఎలాగూ వేయరని మరొక పార్టీ పట్టించుకోదు. గుడ్డి విధేయత వల్ల మొదట నష్టపోయేది బలహీనులే.

ఇదంతా ఇంటి నుండే మొదలు కావాలి. ఇంటి పెద్ద చెప్పిన గుర్తుకే అందరూ వేయాలన్నది క్రమశిక్షణ కాదు. 1989 నుండి పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివారికీ ఓటు హక్కు ఉంది. భార్యకు, కుమార్తెకు, కోడలికి వేర్వేరు మనస్సాక్షులు ఉన్నాయి. ఎన్నికలకు ముందు ఒక సాయంత్రం, జపమాల ముగిశాక, టి.వి. కట్టివేసి కుటుంబమంతా కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. మన వీధిలో అందరికంటె బీదవారి బ్రతుకు ఎవరి వల్ల కొంతైనా బాగుపడుతుంది? ఈ అభ్యర్థి చేసిన పనినే ఎదుటి పార్టీవాడు చేసి ఉంటే మనం ఏమనేవాళ్లం? గెలిచిన తరువాత మన పార్టీవాడు తప్పుచేస్తే, తప్పని చెప్పే ధైర్యం మనకు ఉంటుందా? జవాబులు అందరివీ ఒకటి కానక్కరలేదు. తండ్రి ఒక గుర్తుకు, కొడుకు ఒక గుర్తుకు వేసి, ఆ రాత్రి ఒకే కంచం దగ్గర కూర్చోగలిగితే ఆ ఇంటికి కలిగే నష్టమేమీ లేదు. ఊరిలో రెండు పార్టీలవారు దివ్యపూజలో ఒకరికొకరు సమాధానం చెప్పుకోగలిగితే విచారణకు కలిగే నష్టమూ లేదు.

ఎవరూ యోగ్యులు కారనిపిస్తే? 2013 నుండి నోటా మీట ఉంది. అయితే నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా మిగిలిన అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. కనుక బాగా ఆలోచించాకే దాని జోలికి పోవాలి. చాలా సందర్భాలలో మన ముందు పుణ్యాత్ములు నిలబడరు. కొంత మంచి, కొంత చెడు ఉన్నవారే నిలబడతారు. వారిలో ఎవరి వల్ల మేలు ఎక్కువ, కీడు తక్కువ అని ఓపికగా తూచడమే మనకు అప్పగించిన పని.

ఓటు వేసేచోట అట్టముక్కల చాటున మనం ఒంటరిగా నిలబడతాం. పార్టీ ఏజెంటుకు కనబడదు, ఇంటి పెద్దకు కనబడదు. మీట నొక్కాక ఏడు సెకండ్లపాటు చిన్న అద్దంలో ఒక చీటీ కనిపించి కిందికి జారిపోతుంది. ఆ చీటీమీద ఉన్న పేరును ఎందుకు ఎన్నుకున్నామని ఎవరూ అడగరు. కాని దేవుని ఎదుట ఆ ప్రశ్నకు "మాది ఆ పార్టీ ఇల్లు" అన్న జవాబు సరిపోతుందా? ఇప్పటినుండే ఆలోచించి పెట్టుకోవడం మంచిది.