వాయించిన చేతుల ఖరీదు

2020లో అమెరికాలో ఒక పాత గిటారు వేలానికి వచ్చింది. కర్ట్ కోబేన్ అనే రాక్ గాయకుడు 1993లో ఒక టీవీ కచేరీలో వాయించినది. అరవై లక్షల డాలర్లు దాటింది పాట! మన లెక్కలో 45 కోట్ల రూపాయలు. “మతిపోయిందేమిటమ్మా వీళ్ళకి!” అని మనం బుగ్గలు నొక్కుకుంటాం. కానీ మహానుభావులు కూర్చున్న కుర్చీని కళ్ళకద్దుకునేదీ మనమే కదా!

పేరున్నవాడి చెయ్యి వస్తువుకి రెండు రకాల విలువ తెస్తుందని నాకనిపిస్తుంది. మొదటిది, ఉన్న గుణాన్ని బయటపెట్టడం. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్ పాల్ గిటార్లు అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు. కంపెనీ ఆ నమూనానే మానేసింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటారుతో ఒక రికార్డు ఇచ్చాడు. ఆ నాదం చెవిన పడ్డాక కుర్రకారు పాతవాటి కోసం వెతకడం మొదలుపెట్టారు. 1968లో కంపెనీ లెస్ పాల్ తయారీని మళ్ళీ మొదలుపెట్టింది. ఆనాడు మూడువందల డాలర్లు కూడా చెయ్యనివి ఈనాడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. కర్ర అదే, తీగలు అవే.

మన చిట్టిబాబుగారు చేసిందీ అలాంటి మేలే. పెళ్ళిచూపుల్లో అమ్మాయి చేత ఒక కీర్తన వాయింపించి, ఆనక అటకెక్కించే వీణ మీద ఆయన కోయిలని కూయించారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగని తొలిచి వీణ చేసే పనివారికి అంతకన్నా ఏం కావాలి? వాయించేవాడు ఉంటేనే చేసేవాడికి అన్నం.

రెండోది వట్టి స్పర్శకి కట్టే వెల. నాదం ఏమీ మారదు, కథ మాత్రమే మారుతుంది. చిక్కంతా ఇక్కడే.

మా రావికమతంలో మా మేనత్త వీణ ఒకటి ఉండేది. ఆవిడ నలభై ఏళ్ళు సాయంత్రం దీపం పెట్టాక దాని ముందు కూర్చునేది. ఊళ్ళోవాళ్ళు వీధరుగు మీద కూర్చుని వినేవారు. ఆవిడ పోయాక, విశాఖ నుంచి పాత సామాన్లు కొనే ఆసామి వచ్చాడు. వీణని అటూ ఇటూ తిప్పి, “పేరున్నవాళ్ళెవరైనా వాయించిందేనాండీ?” అన్నాడు. లేదంటే కర్ర ఖరీదు చెప్పాడు.

మా బావ నెమ్మదిగా, “ఫలానా విద్వాంసుడు ఓసారి మనింటికొచ్చి వాయించాడందాం. ఎవరికి నష్టం?” అన్నాడు. మాట తీసెయ్యడానికి లేదు. కొనేవాడు కొంటున్నదే కథ. ఆ కథ వాడికి ఆనందమిస్తే పాపమేముంది?

మా వదిన మాత్రం, “అయితే అత్తయ్య వాయించలేదా?” అంది.

అంతే! నాకు ఆ అబద్ధంలో ఉన్న దొంగతనం కనిపించింది. దోచుకునేది కొనేవాడి డబ్బే కాదు, వాయించినామె నలభై ఏళ్ళు కూడా. ఒక్క పూట కూడా ముట్టని పెద్దమనిషి పేరు ఎక్కించడానికి, రోజూ మీటిన వేళ్ళని చెరిపెయ్యాలి. వంటకి, పాటకి, పెంపకానికి ఇలా పేరు లేకుండా పోయినవాళ్ళు మన ఇళ్ళలో ఎందరు లేరు!

వదిన ఆ వీణని అమ్మలేదు. మైనం కరిగించి మెట్లు మళ్ళీ వేయించి, సంగీతం నేర్చుకుంటున్న పక్కవీధి పిల్లకి ఇచ్చింది. ఆ పిల్ల ఇంకా సరళీ స్వరాల దగ్గరే తంటాలు పడుతోంది.

ప్రసిద్ధుల వస్తువుని గౌరవించడం తప్పని నేననను. ఆ గౌరవమే ఎన్నో వాద్యాలని పొయ్యిలోకి పోకుండా కాపాడింది. కాకపోతే బజారు కట్టే వెలకి పేరు కావాలి, విలువకి అక్కర్లేదు. మీ అటక మీద ఏ అమ్మమ్మ హార్మోనియమో ఉంటే, ధర అడిగేముందు ఎవరు వాయించారో పిల్లలకి చెప్పండి. ఆ పేరు ఏ పత్రికలోనూ పడకపోయినా సరే.