సంకల్పం ఒక్కటే, లిస్టు కూడా ఒక్కటే!



ఈ వారం వీడియోలో సంకల్పం గురించి చెప్పుకున్నాం కదా. దాన్ని మన రోజువారీ పనులకి ఎలా అన్వయించుకోవాలో ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

ముందు మన పనులు ఎక్కడెక్కడ రాసి ఉన్నాయో గమనించండి. ఆఫీసు పనులు జిరాలో. కరెంటు బిల్లు ఫోన్ రిమైండర్‌లో. కొనాల్సిన సరుకులు వాట్సాప్‌లో. "ఈ ఏడాది గీత మొత్తం చదవాలి" అన్నది డైరీ మొదటి పేజీలో. మరి "అమ్మని కంటి డాక్టర్‌కి చూపించాలి" అన్నది? అది ఎక్కడా ఉండదు, మనసులోనే ఉంటుంది. ఆఫీసు టికెట్‌కి డేట్ ఉంది, అడిగే మేనేజర్ ఉన్నారు. అమ్మేమో "నీకు వీలైనప్పుడు వెళ్దాంలే నాన్నా" అంటుంది. అలా ఆ పని ప్రతి శనివారం వాయిదా పడుతూనే ఉంటుంది.

గీత రెండో అధ్యాయం 41వ శ్లోకంలో కృష్ణ పరమాత్మ కర్మయోగం గురించి చెబుతూ, నిశ్చయం ఉన్నవాడి బుద్ధి ఒకే చోట నిలుస్తుందని, అది లేనివాడి బుద్ధి అంతులేని కొమ్మలుగా చీలిపోతుందని అంటాడు. మన ఫోన్ తెరిస్తే ఆ కొమ్మలన్నీ కనిపిస్తాయి!

ఇప్పుడు పూజలో చెప్పే సంకల్పం గుర్తు చేసుకోండి. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెబుతాం. సంవత్సరం, మాసం, తిథి, వారం చెబుతాం. గోత్రం, పేరు చెబుతాం. కుటుంబం కోసం ఆయుస్సు, ఆరోగ్యం, ఐశ్వర్యం అన్నీ అక్కడే కోరుకుంటాం. ఆ తర్వాత ఏ పూజ చేయబోతున్నామో చెప్పి నీళ్లు వదులుతాం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎందుకు, ఏం చేస్తారు అన్నీ ఒక్కచోటే.

మన లిస్టు కూడా అలాగే ఉండాలి. మూడు సూత్రాలు పెట్టుకుందాం.

ఒకటి, అన్నీ ఒకే చోట రాయండి. నోట్‌బుక్ అయినా సరే, యాప్ అయినా సరే. ఆఫీసు టూల్ ఆఫీసుకి ఉండనివ్వండి. కానీ ఈరోజు మీరు చేయాల్సిన ఆఫీసు పని కింద, తర్వాతి వరసలోనే, అమ్మ కంటి పరీక్ష ఉండాలి. పక్కపక్కనే చూసినప్పుడే దేనికి టైమ్ ఇస్తున్నామో, దేన్ని దాటేస్తున్నామో తెలుస్తుంది.

రెండు, ఫలం రాయకండి, కర్మ రాయండి. "10 కిలోలు తగ్గాలి" అన్నది ఫలం. "పొద్దున 30 నిమిషాలు నడవాలి" అన్నది కర్మ. మన అధికారం కర్మ మీదే. "ప్రమోషన్ రావాలి" అని రాస్తే దాని ముందు టిక్ పెట్టేది మీరు కాదు, ఇంకెవరో.

మూడు, సంకల్పంలో "యథాశక్తి" అనే మాట ఉంటుంది. శక్తి ఉన్నంత మేరకే అని దేవుడికే చెప్పుకుంటున్నాం. మరి లిస్టులో రోజుకి 25 పనులు ఎందుకండీ? ఈరోజుకి మూడు గుర్తు పెట్టుకోండి. వాటిలో ఒక్కటైనా ఇంట్లోవాళ్ల కోసం ఉండాలి.

రాత్రి పడుకునే ముందు ఆ లిస్టు ఒకసారి చూడండి. అయినవీ, మిగిలినవీ రెండూ ఆయనకే సమర్పించి నిద్రపోండి. మిగిలినవి రేపటి సంకల్పంలోకి వస్తాయి.

ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించి ఆ ఒక్క లిస్టు రాయండి. మొదటి వరసలో ఏం రాయాలో మీకు ఇప్పటికే తెలుసు.

శ్రీకృష్ణార్పణమస్తు.