తారీఖుల పట్టిక ముందు కట్టు, బిడ్డా

బిడ్డా, ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల మీద ప్రాజెక్టు చేస్తున్నవని మీ నాయన చెప్పిండు. మంచి పని పట్టినవు. గ్రాఫు గీసే తొందరలో ఉన్నవేమో, ఒక్క మాట విను.

ధరల ఫైలు ముట్టకముందే తారీఖులకు పట్టిక కట్టు. పైథాన్ పాండాస్‌లో డేట్ రేంజ్‌తో 2024 జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా వరుస తియ్యి. లీపు సంవత్సరం గనుక 366 రావాలె. అది ఇంకా ఉత్త ఇండెక్సే. టు ఫ్రేమ్ అంటేనే పట్టికైతది. కాలమ్‌కు పేరు నువ్వే పెట్టు, లేకుంటే సున్నా అనే పేరు తగిలిస్తది. ఇండెక్స్ ఫాల్స్ అని కూడా రాయి. రాయకపోతే అవే తారీఖులు ఇండెక్స్‌లో ఒకసారి, కాలమ్‌లో ఒకసారి కూర్చుంటయి. రెండింటికీ ఒకే పేరుంటే మెర్జ్ చేసేటప్పుడు మొరాయిస్తది.

ఇప్పుడు ధరలను ఈ పట్టికకు లెఫ్ట్ మెర్జ్ చెయ్యి. మార్కెట్ బందున్న శని, ఆదివారాల గడులు ఖాళీగా తేలుతయి. వాటిల్లో సున్నా పెట్టకు! వారంలో అయిదు రోజులూ క్వింటాలు 20,000 పలికిందనుకో. రెండు సున్నాలు కలిపితే సగటు 14,286కు పడిపోతది. ఏ రైతూ ఆ ధరకు అమ్మలేదు. మీ తాత అడ్తి చిట్టాలో బందు రోజుకు అడ్డగీత గీసేటోడు, సున్నా పెట్టేటోడు కాదు. వచ్చిన బస్తాల లెక్కకైతే సున్నా సరే, ఆ రోజు నిజంగనే ఏం రాలే.

ధరల ఫైలులో తారీఖు 03/04/2024 అని ఉంటే పాండాస్ మార్చి 4 అనుకుంటది. మనకది ఏప్రిల్ 3. ఒకటి సోమవారం, ఒకటి బుధవారం, రెండూ మార్కెట్ నడిచే రోజులే గనుక తప్పు కంటికి ఆనదు. డే ఫస్ట్ ట్రూ అని చెప్పు.

పండుగలకు ఇంకో కాలమ్ పెట్టు, చేత్తోనే నింపు. మేడారం జాతర 2022లో ఫిబ్రవరి 16న, 2024లో ఫిబ్రవరి 21న, 2026లో జనవరి 28న మొదలైంది. జాతర మాఘ పున్నమిని బట్టి వస్తది, ఆ పున్నమి ఎప్పుడో డేట్ రేంజ్‌కు తెల్వదు. ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో తారీఖుకు తారీఖు పోల్చితే జాతర వారాన్ని మామూలు వారంతో తూచినట్టైతది.

సెలవు కాని రోజున ఖాళీ గడి కనిపిస్తే ఊహతో నింపకు. ఎనుమాముల ఎంత దూరం, బండేసుకొని పోయి అడిగి రా.