గొంతు ఒకరిది, కవర్ మీద ముఖం ఇంకొకరిది

1989లో 'రైడ్ ఆన్ టైమ్' అనే డాన్స్ పాట బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. బ్లాక్ బాక్స్ పేరుతో దాన్ని తయారుచేసినవాళ్ళు ముగ్గురు ఇటాలియన్ మగవాళ్ళు. వేదిక మీద పెదవులు కదిపింది కాత్రిన్ కినోల్ అనే ఫ్రెంచ్ మోడల్. గొంతు మాత్రం ఈ నలుగురిలో ఎవరిదీ కాదు. అమెరికన్ నల్లజాతి గాయని లొలియాటా హాలోవే 1980లో పాడిన 'లవ్ సెన్సేషన్' లోంచి తీసుకున్నది. ఆ పాటలోని 'రైట్' అనే మాటను 'రైడ్' అని విన్నారు కాబట్టే కొత్త పాటకు ఆ పేరు వచ్చిందంటారు. గొంతు కావాలి, అది పలికే మాట సరిగ్గా వినబడకపోయినా ఫరవాలేదు!

ఇలాంటి పాట ఎలా తయారవుతుంది? డ్రమ్ మెషీన్ తాళం ఆగకుండా నడుస్తుంటుంది. శాంప్లర్‌లోకి ఎక్కించిన గొంతును ముక్కలు చేసి కీబోర్డు మెట్ల మీద పెడతారు. మెట్టు నొక్కినప్పుడల్లా ఆమె ఎలుగెత్తి పాడుతుంది. అలసిపోదు, ఇక చాలు అనదు. నాకు ఈ పద్ధతి మీద కోపం లేదు. పాత చీరలతో బొంత కుట్టే ఆడవాళ్ళకి ఈ విద్య కొత్తదేమీ కాదు. కానీ బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది.

1990లో వచ్చిన బ్లాక్ బాక్స్ ఆల్బమ్ 'డ్రీమ్‌లాండ్'లో ఎక్కువ పాటలు పాడింది మార్తా వాష్. కవర్ మీద ఉన్నది కినోల్. అదే ఏడాది సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ వాళ్ళ 'గొన్నా మేక్ యూ స్వెట్'లో ఉన్నదీ వాష్ గొంతే, వీడియోలో పెదవులు కదిపింది జెల్మా డేవిస్. వాష్ లావుగా ఉంటుంది. ఆమె శరీరం అమ్ముడుపోదనుకున్నారు. ఆమె గొంతు మాత్రం ప్రపంచమంతటా అమ్ముడుపోయింది.

మన సినిమాల్లో జరిగేది ఇదే కదా అని మీరడగొచ్చు. సుశీల, జానకి పాడితే హీరోయిన్లు పెదవులు కదపలేదా? కదిపారు. అయితే రికార్డు మీద గాయని పేరు ఉండేది. అదీ ఊరికే రాలేదు. 1949లో 'మహల్' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద మొదట వేసిన పేరు లతది కాదు, ఆ సినిమాలోని పాత్రది: కామిని. (డబ్బింగ్ చెప్పే స్త్రీల సంగతి ఎత్తితే ఈ వ్యాసం చాలదు.) అంచేత ఒకరి గొంతుకు ఇంకొకరి ముఖం అతకడంలోనే మోసం ఉందని నేననను. అతుకు కనబడకుండా చేయడంలో ఉంది. ఆ దాచడం వెనక ఒక తీర్పు ఉంది: ఈ గొంతును కోరుకోవచ్చు, అది వచ్చిన ఒంటిని కోరుకోకూడదు అని. పాడినందుకు డబ్బిచ్చాం కదా అంటే ఈ తీర్పుకు జవాబు కాదు. కూలి ముట్టినంత మాత్రాన మనిషి ఉనికి చెరిపేసే హక్కు ఎక్కడిది?

వాష్ కోర్టుకెక్కింది. రాజీ కుదిరింది. వీడియోకు ఒక ప్రకటన చేర్చారు: గానం మార్తా వాష్, 'విజువలైజేషన్' జెల్మా డేవిస్. ఈ మాట నన్ను వదలటం లేదు. ఒక స్త్రీ పూర్తిగా వినికిడి, ఇంకొక స్త్రీ పూర్తిగా చూపు. ఇద్దరినీ ఇలా విడగొట్టినవాళ్ళు మాత్రం నిర్మాతలుగా చెక్కుచెదరకుండా ఉన్నారు.

1993లో వాష్ తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చింది. హాలోవే పేరు 1991లో మార్కీ మార్క్ 'గుడ్ వైబ్రేషన్స్' మీద అచ్చయింది. అందులోనూ 'లవ్ సెన్సేషన్' ముక్కే ఉంది. ఈసారి వీడియోలో ఆమె కూడా కనిపించింది.

కినోల్ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడినా దొంగ గాయని అంటారు. ఆ కవర్ మీద ఎవరుండాలో నిర్ణయించింది ఆమె కాదు.