గార్మాను బ్రదికించిన రాత్రి

దైవమా, పురుషకారమా, ఈ రెంటిలో నేది బలీయమని ధర్మరాజు ప్రశ్నింపగా భీష్ముడు తన మాటగా గాక, పూర్వము వసిష్ఠునకు బ్రహ్మ చెప్పిన సమాధానమునే వినిపించెననియు, అందు పురుషప్రయత్నము క్షేత్రమువంటిది, దైవము బీజమువంటిది, రెండును కూడినగాని పంట లేదని తేలెననియు ఆనుశాసనిక పర్వము చదివినవా రెఱుగుదురు. నేనును ఎఱుగుదును. ఎఱిగి, ముప్పది యేండ్లు ఆ ఉపమానమును ఉపన్యాసములలో వాడుకొని, ఒక్కనాడును దాని బరువు తెలియక, తుదకు వయసు మళ్లిన పిమ్మట ఒక జపాను దేశపు పాత వీడియో గేము ముందు కూర్చుండి, మీట నొక్కబోయిన వ్రేలు తనంతట తాను వెనుకకు వచ్చినప్పుడు మాత్రమే అది నాకు ప్రశ్నగా తగిలినదని చెప్పుకొనుటకు కొంత సిగ్గుగానే యున్నది.

ఒసాకాలో ఆరేండ్లు ఉద్యోగము చేసి వచ్చిన మా మేనల్లుడు తన సామానులో నొక బూడిదరంగు ప్లేస్టేషనును, రెండు డిస్కుల ఆట నొకదానిని తెచ్చెను. దాని పేరు ‘గిరెన్ నో యబో: జియోన్ నో కెయిఫు’. 1998లో సేగా సాటర్న్ యంత్రమునకై వచ్చిన ‘గిరెన్ నో యబో’కు ఇది 2000వ సంవత్సరమున వెలువడిన విస్తృతరూపము. యబో అనగా దురాశకును మహదాశకును నడుమ నుండు మాట. కెయిఫు అనగా వంశావళి. ఇందలి కథకు మూలము, తోమినో యోషియుకి దర్శకత్వమున 1979 ఏప్రిలులో మొదలై మఱుసటి జనవరితో ముగిసిన ‘మొబైల్ సూట్ గండమ్’ అను బొమ్మల ధారావాహిక. చూచువారు చాలక, ముందనుకొన్న భాగములు తగ్గించి నలుబదిమూడింటితో ముగించిన ఆ కథయే, తరువాత 1981, 82 సంవత్సరములలో మూడు చలనచిత్రములుగా వచ్చి ఆ దేశమును ఊపివేసినది. తానారంభించిన పని ఫలించునో లేదో తెలియకయే ముగింపవలసివచ్చిన ఆ దర్శకుని స్థితియు నా ప్రశ్నకు దూరమైనది కాదు గాని, దాని నటుంచెదను.

కథ నంతయు చెప్పను. భూమిని విడిచి ఆకాశమున గొట్టములవంటి కృత్రిమ నివాసములలో కాపురమున్న జనులలో ఒక వర్గము జియోన్ అను రాజ్యముగా ఏర్పడి, భూలోకపు సమాఖ్యపై యుద్ధము ప్రకటించును. వారి శకమున 0079వ యేట జనవరి 3న మొదలైన ఆ సమరమున, తొలి మాసము గడచునప్పటికే, జనముతో నిండియుండదగిన నివాసము నొకదానిని ఎత్తి భూమిపై విసరివేయుటతోడి నానావిధ ఘోరములవలన మానవజాతిలో సగము నశించును. జియోన్ నేలు జాబీ వంశమున ముదుసలి తండ్రి డెగిన్, రాజ్యమును చేతబట్టిన పెద్దకొడుకు గిరెన్, అతనిని నమ్మని చెల్లెలు కిసీలియా, భీమకాయుడు డోజిల్, అందఱికి గారాల తమ్ముడు గార్మా. తుదకు గిరెన్ సంధి కేగిన తండ్రిని శత్రుసేనానితోపాటు సౌరకిరణాస్త్రమున భస్మము చేయును. అది తెలిసిన చెల్లెలు అన్నను కాల్చిచంపును. ఇది విన్న తెలుగువానికి కురువంశము జ్ఞప్తికి రాకపోదు. అయితే కురువంశమున విదురుడున్నాడు. ఈ యింట లేడు.

ఆటలో మనము కూర్చుండునది గిరెన్ పీఠముననే. సమాఖ్యవైపు సేనాపతి రెవిల్ స్థానమును కోరుకొనవచ్చును గాని, మా మేనల్లుడు నాకు చెప్పకయే జియోను పక్షమును ఎంచి యుండెను. చేయవలసిన పని చూచుటకు గుమాస్తా పనివలె నుండును: ఇంత ధనము, ఇంత సామగ్రి, ఏ పరిశోధనకెంత, ఏ కర్మాగారమున ఏ యంత్రము, అది సిద్ధమగుట కెన్ని వంతులు. ప్రతివంతు మొదట అధికారులు తమ ప్రస్తావములను తెచ్చి నిలువబడుదురు. ఔననుటయో కాదనుటయో మన వంతు. ఏ నగరమో కాలుటయు, ఏ ఒప్పందమో మంటగలియుటయు ఆ ఒక్క మాట వెంట వచ్చును. ఈ వరుస ఆటలలో మన నిర్ణయములనుబట్టి ధర్మమువైపో అధర్మమువైపో మొగ్గు కొలతబద్ద యొకటి కూడ కలదు. చిత్రగుప్తుని చిట్టాను మనుజునికే చూపు యంత్రమును కనిపెట్టిన జాతికి నమస్కరింపవలసినదే, కాని చిట్టాను ముందే చూడగలిగినవాడు ధర్మము చేయునా, లెక్క సరిచూచుకొనునా యన్నది నాకు సందేహము.

ఇక గార్మా. మూలకథలో అతడు ఇరువదేండ్ల యువకుడు, ముంగురులను వ్రేలికి చుట్టుకొను అలవాటు కలవాడు, తన సహాధ్యాయి షార్ ప్రాణమిత్రుడని నమ్మినవాడు. ఆ షార్, తన తండ్రి చావునకు జాబీ వంశమువారే కారణమని నమ్మి, పేరు మార్చుకొని పగ సాధింప వచ్చిన కొడుకు. మిత్రుడు చూపిన దారిని పోయి గార్మా శత్రునౌక ఎరలో చిక్కి మండుచున్న తన విమానముతోనే దానిపై పడబోయి మరణించును. అన్న గిరెన్ ఆ శవపేటికనే వేదికగా చేసికొని లోకమునకు యుద్ధోపన్యాసము వినిపించును. జపానులో ఒక తరమువారికి ఈ చావు మన అభిమన్యుని చావు వలె కంఠస్థము. కాని ఆటలో ఇది విధి కాదు. తగిన వేళ తగిన ప్రస్తావమునకు తల అడ్డముగా ఊపినచో గార్మా బ్రదుకును.

మొదటిసారి మేము తప్పితిమి. గార్మా పోయెను. నా మనసు నిజముగనే బరువెక్కినది. మేనల్లుడు మాత్రము, “ఏం ఫర్వాలేదు మామయ్యా, నాలుగు వంతుల కిందటి సేవ్ ఉంది, మళ్ళీ లోడ్ చేద్దాం” అనెను. చేసినాడు. సంగీతము మొదటినుండి వినవచ్చినది. గార్మా సజీవుడై, ముంగురులు సవరించుకొనుచు తెరపై నిలిచినాడు.

ఆ క్షణమున నాకు యోగవాసిష్ఠములోని లీలోపాఖ్యానము స్ఫురించినది. భర్తయైన పద్మభూపతి మరణమునకు వెఱచి లీలాదేవి ముందుగనే సరస్వతి ననుగ్రహింపజేసికొని, అతని ప్రాణము తన గది దాటకుండ నుండునట్లు వరము పొంది, అతడు మరణించిన పిమ్మట ఆ గదిలోని ఆకాశముననే వేఱొక లోకమున అతడు విదూరథుడను రాజై యుద్ధము చేయుచుండుటను చూచును. ఆ రాజు రణమున కూలగా, ఇచట పద్ముడు నిదురనుండి వలె లేచును. గదిలో లోకము, లోకములో యుద్ధము, యుద్ధమున చచ్చినవాడు గదిలో లేచుట! మేనల్లుని గదియు అంతే. అయితే ఒక భేదము కలదు. లీల ఆ లోకములను తిరిగివచ్చిన పిమ్మట లోకము మనోమాత్రమని గ్రహించి ముక్తి మార్గము పట్టినది. నేను తిరిగివచ్చి గార్మా నెట్లు కాపాడవలెనో మాత్రమే గ్రహించితిని. తిరిగిపోవు శక్తి జ్ఞానమును ఈయదు. మమకారమునకు మఱొక అవకాశమును మాత్ర మిచ్చును.

రెండవసారి నేనే మీట పట్టితిని. గార్మాను కదలనీయలేదు. అతనిపైకి రావలసిన శత్రునౌకను అడ్డుటకు జాకు అను యుద్ధయంత్రముల దళములను ఒకదానివెంట నొకటి పంపితిని. ఈ ఆటలో సామాన్య సైనికుల యంత్రములు మూడేసి చొప్పున ఒక దళము. తెరపై దళపు బొమ్మ ప్రక్కన చిన్న అంకె యుండును. పేరుగల వీరుడు పడిపోయినప్పుడు చాలసార్లు గాయములతో తప్పించుకొని కొన్ని వంతులకు తిరిగివచ్చును. పేరులేనివారికి ఆ అంకెయే ఆయుర్దాయము. నేను చూచుచుండగా ఒక దళమున మూడు రెండైనది. ఇంకొకట రెండు ఒకటైనది. మూడవది తెరనుండి తొలగినది. గార్మా బ్రదికినాడు. నేను తృప్తితో కాళ్లు చాపుకొని కాఫీ త్రాగితిని.

ఆ కాఫీ సగమైనప్పుడు గాని నేనేమి చేసితినో తట్టలేదు. అర్జునుని విషాదమును మనము కారుణ్యమని స్తుతింతుము. కాని కురుక్షేత్రమున పదునెనిమిది అక్షౌహిణుల నడుమ రథము నిలిపి అతడు చూచినదెవరిని? తాతను, గురువును, మేనమామలను, అన్నదమ్ములను, పుత్రులను, మామలను, సఖులను. ఆ నోట స్వజనము, స్వజనమను మాటయే పలుమారు వచ్చును. గజముల క్రింద నలుగబోవు పదాతులు అతని కంటబడినట్లు లేదు. భగవానుడు ఆ దుఃఖమును గద్దించుటకు ఆత్మ నిత్యత్వము ఒక హేతువని వ్యాఖ్యాతలు చెప్పుదురు. పేరు తెలిసినచోట మాత్రమే కరగు కరుణకు ఆ గద్దింపు తగినదేయని నా మనవి. అక్షౌహిణులకొలది అనామకుల చావునకు సమ్మతించి, వారి నడుమ తాత కనబడగానే విల్లు జారవిడుచుట వైరాగ్యము కాదు, బంధుప్రీతి. ఈ మాట నేను అర్జునునిపై వేయుట సాహసమే. కాఫీ కప్పుతో నన్ను చూచిన తరువాత వేయకుండుట కపటము.

జపాను భాషలో కర్మఫలమునకు ‘ఇంగా’ యందురు. హేతువు, ఫలము అను రెండక్షరముల కూర్పు. బౌద్ధముతో పోయిన భావమది. ఆ దేశమున ఎనిమిది శాఖలకు ఆదిగురువని పూజలందు ‘ర్యూజు’ మన నాగార్జునుడే. కృష్ణా తీరమున కొండకు పేరిచ్చినవాడే. ఏ వస్తువునకును తనదైన స్వభావము లేదు, అన్నియు ఒకదానినొకటి ఆశ్రయించి పుట్టునవే యని ఆయన సిద్ధాంతము. అట్లయిన గార్మా అను పేరు కూడ వ్యవహారమాత్రమే. మూడు అను అంకెయు అంతే. హేతువు ఒకటి కదలిన నామమును చూచి ఫలము ఆగదు. దీనికి సాక్ష్యము ఆటయే చూపెను. కాపాడబడిన గార్మా ఈ వంశావళిలో అన్నకు విధేయుడై యుండి తీరవలెనని లేదు. తన మార్గమున జియోనును నిలుపదలచి ప్రత్యేక పక్షము కట్టుటకును కథలో దారి యున్నది. నేను జాలిపడి నాటిన విత్తు రేపు నా పైననే కత్తి దూయవచ్చును. క్షేత్రము, బీజము అని బ్రహ్మ చెప్పిన రెంటిలో ఏది నాది? మీట నొక్కితిని గనుక క్షేత్రము నాదందునా, ఆ రెండు దారులను ముందే డిస్కుపై చెక్కినవారెవరో టోక్యోలో నుండగా? నాదే యందును. ఔననుటయు కాదనుటయు రెండును ముందే వ్రాయబడి యున్నను, ఆ రెంటి నడుమ ఆగిన వ్రేలు మాత్రము ఎవరును వ్రాసినది కాదు.

“ఇప్పుడు ఆ జాకుల దళాలు మళ్ళీ రావా?” అని అడిగితిని.

“వస్తాయి మామయ్యా. స్థావరంలో పెట్టండి. సామగ్రి ఉంటే వాటంతట అవే నిండుతాయి.”

వంతు ముగించితిని. తెర నల్లబడి వెలిగినది. ఒకటి మిగిలిన దళమును వెదకి చూచితిని. దాని ప్రక్కన, ఎవరును చావనట్లు, మూడు అను అంకె వెలుగుచుండెను.