అర్ధరాత్రి ఫోనెత్తేవాళ్లను వెతుకు నాయనా

నాయనా,

పెద్దాసుపత్రిలో "ఇక ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అన్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నీకు ఇది రాయాలనే ఉంది. ఫోన్లో అయితే ఇద్దరం ఏడుపులో పడి అసలు మాట మర్చిపోతాం. కాగితం మీద ఉంటే మళ్లీ చదువుకుంటావు, మీ ఆవిడకీ చూపిస్తావు.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. మా అన్నయ్యకి, అంటే మీ నాన్నకి, వైద్యం అయిపోలేదు. కణితి మీద చేయగలిగింది అయిపోయింది, అంతే. నొప్పికి, ఆయాసానికి, వాంతులకి, నిద్ర పట్టని రాత్రులకి, మనసులోని గుబులుకి చేయాల్సిన వైద్యం చాలా ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటున్నారు. ఆఖరి నెలల్లో, వారాల్లో ఆ వైద్యమే పనిగా పెట్టుకున్న చోటు హాస్పైస్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచి దీనికో దారి వేసిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, తర్వాతే డాక్టరయింది. రోగి పక్కన రాత్రిళ్లు కూర్చున్న మనిషి కట్టిన వైద్యం కాబట్టి నాకు దాని మీద నమ్మకం ఎక్కువ. మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ మొదలైంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ వాళ్లు 2011లో పెట్టిన స్పర్శ్ హాస్పైస్ డబ్బు తీసుకోకుండా చూస్తుంది. మనవాళ్లు చాలామందికి ఈ పేర్లు తెలియకుండానే రోజులు గడిచిపోతాయి.

నువ్వు పంపిన మూడు కాగితాలూ చూశాను. ఒకటి వృద్ధాశ్రమం, ఒకటి మనుషుల్ని ఇంటికి పంపే ఏజెన్సీ. డాక్టరు పేరున్నది మూడోది ఒక్కటే. మూడింటి మీదా "పాలియేటివ్ కేర్" అని రాసి ఉంది. బోర్డు మీద మాటకి లోపలి పనికి చాలా దూరం ఉంటుంది. ఏసీ గదులు, తోట, టీవీ చూసి మోసపోకు. మంచం మీదున్న మనిషికి తోట కనబడదు.

మొట్టమొదట అడగాల్సింది మార్ఫిన్ గురించి. "మీ దగ్గర మార్ఫిన్ మాత్రలున్నాయా, రాసే డాక్టరు ఎవరు?" అని సూటిగా అడుగు. నీళ్లు నమిలితే అక్కడినుంచి లేచి వచ్చేయ్. పారాసిటమాల్‌తో మొదలెట్టి, తర్వాత ట్రమడాల్ లాంటివి, అవీ ఆగని నొప్పికి మార్ఫిన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్లు కట్టి చెప్పింది. రెండో మెట్టు మీదే రోగిని నిలబెట్టి "ఇంతకంటే ఏమీ చేయలేం" అనేవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మా వీధిలోనే ఒక పెద్దాయన అలా అరిచి అరిచి పోయాడు. ఆ ఇంట్లో డబ్బుకి లోటు లేదు, మందు పేరు చెప్పిన మనిషే లేడు.

అరకు రోడ్డు మీద గంజాయి కేసులు రోజూ వినే ఊరు మనది. అందుకే మత్తుమందు అనగానే భయం. 1985 మత్తుమందుల చట్టం వచ్చాక చాలా ఆసుపత్రులే మార్ఫిన్ పెట్టడం మానేశాయి. ఎన్ని లైసెన్సులు, ఎన్ని సంతకాలని! మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో సర్కారు లైసెన్సుతో పండుతుంది. మన రోగులకి మాత్రం అందేది కాదు. కేరళ డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థ అనే అనుమతి ఒక్కటి ఉంటే మార్ఫిన్ నిల్వ ఉంచుకుని ఇవ్వొచ్చు. ఆ గుర్తింపు ఉందా, లేకపోతే ఎక్కణ్ణుంచి తెప్పిస్తారు, మాత్రలు అయిపోయే ముందు ఎన్ని రోజుల గడువు పెట్టుకుంటారు అని అడుగు. ఆదివారం మాత్ర అయిపోయి సోమవారం దాకా ఆగమంటే అన్నయ్య ఆ ఒక్క రాత్రిలో చితికిపోతాడు.

మందు ఉండటం సగమే. ఎలా ఇస్తారో విను. మామూలు మార్ఫిన్ మాత్ర పని నాలుగు గంటలే. కాబట్టి గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చాక వేద్దాం అనేవాళ్లకి ఈ పని రాదు. దాంతోపాటే విరేచనం సాఫీగా అవడానికి మందు రాయాలి. మార్ఫిన్ రాసి అది రాయని డాక్టరుకి ఈ వైద్యంలో అనుభవం లేదని నీకు అక్కడే తెలిసిపోతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో మార్ఫిన్ పేరుకుంటుంది, అలాంటప్పుడు మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మందుకి మారుస్తారు. అన్నయ్య క్రియాటినిన్ ఎంత అని వాళ్లే ముందు అడిగితే సంతోషించు. "అలవాటు పడిపోతాడేమో, తొందరగా పోతాడేమో" అని మీ అమ్మ భయపడుతుంది. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో ఇస్తే ఆ రెండు భయాలూ అక్కర్లేదు. ఆ సంగతి అమ్మ పక్కన కూర్చుని, అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు కావాలి నీకు.

నొప్పి గురించి అన్నయ్యనే అడిగేవాళ్లు కావాలి, నిన్ను కాదు. సలుపా, పోటా, మంటా, లాగుతోందా అని అడగాలి. మంట, తిమ్మిరి నరాల నొప్పికి గుర్తులు, దానికి వేరే మందులు కలపాలి. పదికి ఎంత అని నంబరు అడిగి రాసుకుని వెళ్లిపోతే చాలదు. మందు వేసిన మర్నాడు "ఎలా ఉంది బాబాయ్" అని ఫోన్ చేయాలి.

ఇప్పుడు రాత్రి సంగతి. నర్సుగా నేను ముప్పై ఏళ్లకి పైగా చూశాను, కష్టం రాత్రే వస్తుంది. పగలు తెల్లకోటు వేసుకుని అందరూ ఉంటారు. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఫోన్ ఎవరెత్తుతారు? మన శృంగవరపుకోట నుంచి విశాఖ వెళ్లాలంటే కొత్తవలస, పెందుర్తి దాటాలి, వానాకాలంలో అదెంత దూరమో నీకు తెలుసు. "ఇరవైనాలుగు గంటల సేవ" అని కాగితం మీద ఉన్న నంబరుకి, చేరకముందే ఒక రాత్రి పదకొండు దాటాక చేసి చూడు. ఎత్తినవాళ్లు ఏం మాట్లాడతారో విను. రోగి పేరు, జబ్బు, వేస్తున్న మందులు తెలిసిన మనిషి ఎత్తాలి. "108కి చేయండి సార్" అనే మాట కోసం నెలకి డబ్బు కట్టక్కర్లేదు.

మంచి టీము రాత్రి కోసం ముందే సిద్ధం చేస్తుంది. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయాల్సిన మాత్ర, వాంతికి, ఆయాసానికి మందులు ఇంట్లో ఉంచి, ఏది ఎప్పుడు వేయాలో తెలుగులో రాసి ఇస్తుంది. ఆయాసానికి పరుగున ఆక్సిజన్ సిలిండరు అద్దెకి తెమ్మనకుండా, ముందు తలవైపు మంచం ఎత్తు చేయమని, మొహానికి ఫ్యాను గాలి తగలనివ్వమని చెబుతుంది. అది చిన్న మాటలా ఉంటుంది. పనిచేస్తుంది. ఆ మాట చెప్పినవాళ్లకి విద్య తెలుసు.

చేర్పించే చోటైతే చెప్పకుండా వెళ్లు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎవరూ నీ కోసం ఎదురుచూడని వేళ. ఆఫీసు గదిలో కూర్చోకు. మంచాల దగ్గరికి వెళ్లి పెదాలు చూడు, ఎండిపోయి పగిలి ఉంటే నోరు శుభ్రం చేసేవాళ్లు లేరని అర్థం. గోళ్లు చూడు. వాసన చూడు. ఫినాయిల్ ఘాటు మరీ కొడుతుంటే అది దేన్ని కప్పుతోందో ఆలోచించు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా అని నర్సుని అడిగితే అవుననే అంటుంది. ఆ తిప్పిన వేళలు రాసే కాగితం ఎక్కడుందని అడుగు. పడక పుళ్లు ఎందరికున్నాయి, ఇక్కడికొచ్చాక ఎందరికి పడ్డాయి అని అడుగు. అక్కడున్న ఇంకో రోగి కూతురో కోడలో కనబడితే గేటు బయట టీ తాగుతూ నాలుగు మాటలు మాట్లాడు. ఎవరి కాగితం కంటే ఆవిడ మాట నమ్ము.

ఏజెన్సీ మనిషిని ఇంటికి రప్పించుకుంటే ఆవిడ మీద విసుక్కోకు, ఆ ఆడకూతురు పన్నెండు గంటల డ్యూటీకి ఎంత తక్కువకి వస్తుందో నాకు తెలుసు. కానీ స్నానం చేయించడం, అన్నం పెట్టడం వేరు, పాలియేటివ్ నర్సింగ్ వేరు. వెనకాల డాక్టరు, నర్సు, కబురు చెప్పే పద్ధతి ఉన్నాయా అన్నది చూడాలి. ఉంటే ఆవిడే మీకు దేవత.

సెలైన్ గురించి. మన పల్లెల్లో బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం, లేకపోతే వదిలేసినట్టు. చుట్టాలు వచ్చి "గ్లూకోజైనా పెట్టించలేదేట్రా" అంటారు, నువ్వు నలిగిపోతావు. ఆఖరి రోజుల్లో ఒళ్లు నీటిని మోయలేదు. కాళ్లు వాస్తాయి, గొంతులో గురగుర పెరుగుతుంది. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, జబ్బు వల్ల తినలేకపోతున్నాడు. ఇది చుట్టాల ముందు నీ తరఫున చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకు. రోజుకో రక్తపరీక్ష, రోజుకో బాటిల్, నెలకో స్కానింగ్ రాసేవాళ్లు, "నయం చేస్తాం" అనేవాళ్లు హాస్పైస్ పేరుతో వేరే వ్యాపారం చేస్తున్నారు.

డబ్బు మాట కాగితం మీద రాయించు. రోజుకెంత, మందులకెంత, డాక్టరు ఇంటికొస్తే ఎంత, మధ్యలో మానేస్తే అడ్వాన్సు తిరిగిస్తారా. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు దేనికి చెల్లుతుందో ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గరే అడుగు. ఎకరం అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోకు. అన్నయ్యకి అది తెలిస్తే అంతకంటే పెద్ద నొప్పి లేదు.

నా మనసులో మాట చెప్పనా? అన్నయ్య ఇంట్లో ఉండటమే మేలు. విశాఖలో మీది అద్దె ఇల్లు, అద్దె ఇంట్లో ఇలాంటి రోజులొస్తే ఓనర్లు ఎలా మాట్లాడతారో నీకు తెలుసు. ఇక్కడ సొంత గడప, తెలిసిన గొంతులు, పొద్దున్నే కిరండూల్ లైను రైలు కూత. పక్కింటి మరదలు ఉంది, నేనున్నాను. నువ్వు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి అన్నయ్య డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లు. పాలియేటివ్ డాక్టరుని కలిసి, మందులు అక్కడ రాయించుకుని, ఇక్కడ చూసే డాక్టరుకి ఉత్తరం ఇవ్వమని అడుగు. కోట ఆసుపత్రి డాక్టరుతోనూ, మన ఏఎన్ఎంతోనూ నేను మాట్లాడతాను. ఉపశమన వైద్యం ఊరి ఆరోగ్య కేంద్రాల సేవల్లో ఒకటని ఆయుష్మాన్ భారత్ జాబితాలోనే ఉంది, అడగడం మన హక్కు. కేరళలో 2008లో ప్రభుత్వమే విధానం తెచ్చి పంచాయతీల దాకా ఇంటికొచ్చే నర్సుల్ని పెట్టింది. మన దారపర్తి కొండ మీదినుంచి ఇప్పటికీ రోగిని డోలీలో మోసుకొస్తున్నారు. ఆ మనిషికి మార్ఫిన్ మాత్ర ఎవరు తీసుకెళ్తారని నేను అడగని రోజు లేదు. ఉద్దానంలో డయాలసిస్ ఇక వద్దనుకున్న కిడ్నీ రోగిదీ అదే గతి. ఈ వైద్యం క్యాన్సర్‌కే అనుకోవడం పొరపాటు.

ఇంకో కష్టమైన మాట. ఆఖరి ఘడియల్లో ఏం చేస్తారని వాళ్లని ముందే అడుగు. "అంబులెన్సులో ఐసీయూకి పంపేస్తాం" అంటే వద్దని చెప్పు. కానీ అంతకంటే ముందు అన్నయ్యని అడుగు. ఆయనకి జబ్బు సంగతి తెలుసు, మనం దాస్తున్నామనీ తెలుసు. వెంటిలేటరు వద్దని ముందే రాసి పెట్టుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. ఇలాంటి మాట రోగితో నెమ్మదిగా కదపగలిగిన డాక్టరో నర్సో ఆ టీములో ఉన్నారా అన్నది నీ పరీక్షల్లో పెద్దది. చూసిన డాక్టరే మరణ కారణం రాసి ఇస్తాడా అని కూడా అడిగి ఉంచుకో, దానికి ఫీజు తీసుకోకూడదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అన్నీ అయ్యాక మీ అమ్మ ఎలా ఉందని నెలకోసారైనా ఫోన్ చేసేవాళ్లయితే నిజమైన హాస్పైస్ వాళ్లే.

వచ్చే శనివారం లోపు అగనంపూడి వెళ్లిరా. నువ్వు పంపిన కాగితాల్లోని చోట్లకి నేను కోడల్ని తీసుకుని వెళ్తాను, నువ్వు సెలవు పెట్టక్కర్లేదు. మార్ఫిన్, రాత్రి ఫోన్, ఈ రెండింట్లో ఒక్కటి లేకపోయినా ఆ చోటు మనకి వద్దు.

మీ అత్త