నందిగ్రామ కైంకర్యము

ధర్మములలో త్యాగము ఉత్తమమని పెద్దలు చెప్పుదురు. అన్నమును మాని వ్రతము నాచరించువాడు, నిద్రను మాని జాగరణము చేయువాడు, ఎండకు వానకు ఓర్చి కాలినడకను కొండ నెక్కువాడు లోకమున గౌరవింపబడుచున్నారు. అది తగినదే. ఐనను త్యాగమును ఒక ప్రశ్న ఎల్లప్పుడును వెన్నంటి యుండును. త్యజింపబడునది ఎవరిది? తనదైనచో అది త్యాగము. ఇతరులదైనచో దానిని ఆ పేరుతో పిలుచుటకు వీలు లేదు. ఈ ప్రశ్న 2020వ సంవత్సరమున ప్రతి వైష్ణవ గృహపు గడపకును వచ్చి నిలిచినది.

ఆ సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడెను. మార్చి 25న, శార్వరి నామ సంవత్సర ఉగాదినాడే, దేశమంతటను లాక్‌డౌను మొదలయ్యెను. ఏప్రిల్ 2న భద్రాచలమున సీతారాముల కల్యాణము భక్తజనము లేకయే జరిగెను. శ్రీనివాసుని సన్నిధిలో సుప్రభాతము, తోమాల, అర్చన, నైవేద్యము ఏకాంతముగా యథావిధిని సాగినవి. కాని క్యూలైనులలో గోవిందనామము వినబడలేదు. సాధారణ భక్తులకు దర్శనము మరల లభించినది జూన్ 11న. అప్పుడును 65 ఏండ్లు దాటిన వృద్ధులు, 10 ఏండ్లలోపు పిల్లలు, గర్భిణీ స్త్రీలు, దీర్ఘవ్యాధులు గలవారు ఇంటనే యుండుట మేలని ప్రభుత్వము సూచించెను. సెప్టెంబరు మాసపు బ్రహ్మోత్సవములలో స్వామి మాడవీథులకు విచ్చేయలేదు. వాహనసేవలు ఆలయములోనే జరిగినవి.

ఆ దినములలో పలువురు భక్తుల నోట వినవచ్చిన మాట ఒకటి కలదు. "ఈ ప్రాణము స్వామి యిచ్చినది. ఆయన సన్నిధికి పోవుచు పోయినను నాకు భాగ్యమే. వ్యాధికి వెరచి దర్శనము మానుకొందునా?" ఈ మాటలోని భక్తిని శంకింప పనిలేదు. ప్రాణభయము లేకుండుట గొప్ప గుణమే. కాని ఇందులో లెక్క యొకటి తప్పినది. ఆ వ్యాధి ఒకని శ్వాసనుండి మరియొకని శ్వాసకు పోవునది. జ్వరమును దగ్గును పొడసూపక మునుపే అది సంక్రమింపగలదు. కొందరియందు లక్షణములు ఎన్నడును పొడసూపవు. దేహదార్ఢ్యము గల యువకుడు కొలది దినములలో కోలుకొనవచ్చును. అతడు తెలియక ఇంటికి తెచ్చిన వ్యాధి వృద్ధురాలైన తల్లిని, మధుమేహముతో బాధపడు తండ్రిని కబళింపవచ్చును. "నా ప్రాణము" అని చెప్పి అతడు పళ్లెములో పెట్టినది నిజమునకు తల్లి ప్రాణము. అందులకు ఆమె అనుమతిని అతడు అడుగలేదు.

మన పురాణములలోని త్యాగధనులను ఈ దృష్టితో పరిశీలింపవలెను. శరణుజొచ్చిన పావురమునకు బదులుగా శిబి చక్రవర్తి డేగకు కోసియిచ్చినది తన మాంసమునే. అది చాలనప్పుడు తానే త్రాసు నెక్కెను. భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువదియెనిమిది దినములు ఉపవసించిన ఆ మహారాజు లభించిన అన్నమును వచ్చిన అతిథులకు పెట్టి, తుదకు మిగిలిన కొలది నీటిని సైతము దప్పికగొనిన దీనునకు ధారపోసెను. ఆయన మోక్షమును కోరలేదు. సమస్త ప్రాణుల దుఃఖమును తానే అనుభవించి వారిని దుఃఖరహితులను చేయవలెనని కోరెను. తిరుక్కోష్టియూరులో భగవద్రామానుజులు ఆచార్యుని ఆజ్ఞను మీరి రహస్యార్థమును అందరికిని వినిపించినప్పుడు, ఆజ్ఞోల్లంఘనమునకు ఫలమగు నరకము తనకు, మోక్షము లోకమునకు అని నిశ్చయించుకొనిరి. ఈ మువ్వురి త్యాగములోను కష్టము తమవైపు, మేలు ఇతరులవైపు ఉన్నవి. దర్శనానందము తనకు, వ్యాధిభయము ఇరుగుపొరుగువారికి అన్నచో ఆ త్రాసు తలక్రిందులైనదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విషయమున భక్తునకు సూటియైన మార్గము చూపునది శ్రీమద్రామాయణము. తల్లులను, పౌరులను, సైన్యమును వెంటగొని భరతుడు చిత్రకూటమునకు పోయెను. ఎంత వేడినను రాముడు మరలి వచ్చుటకు అంగీకరింపలేదు. అప్పుడు భరతుడు దర్భలు పరచుకొని, అన్నపానములు మాని, అన్న ప్రసన్నుడగువరకు పర్ణశాల యెదుట పడియుందునని పట్టుపట్టెను. ప్రభువు సన్నిధిలో ప్రాణము విడుచుటకంటె భక్తునకు కావలసినదేమి? ఐనను రాముడు ఆ త్యాగమును స్వీకరింపలేదు. ఇది క్షత్రియునకు తగిన పద్ధతి కాదు, లేచి అయోధ్యకు పొమ్మని ఆజ్ఞాపించెను. ఏలయన, అయోధ్యలో వృద్ధులు, బాలురు, దిక్కులేనివారు గల ఒక మహాజనము రక్షకుడు లేక యుండెను. భరతుడు ప్రాణమిచ్చిన తృప్తి భరతునకు దక్కెడిది. ప్రజలకు దక్కునది అరాజకము.

భరతుడు లేచెను. పాదుకలను శిరస్సున ధరించి నందిగ్రామమున నివసించెను. పదునాలుగేండ్లు జటావల్కలధారియై, పాదుకలకు నివేదించి రాజ్యమును కాపాడెను. రాముడు తిరిగి వచ్చిన దినమున ధనాగారము, ధాన్యాగారము, సైన్యము పదిరెట్లయినవని అప్పగించెను. లక్ష్మణుడు స్వామి వెంటనుండి సర్వవిధ కైంకర్యములు చేసెను. భరతుడు దూరముననుండి స్వామి యిచ్చను నెరవేర్చెను. మన పూర్వాచార్యులు లక్ష్మణునియందు శేషత్వమును, భరతునియందు పారతంత్ర్యమును చూపి, స్వామి యెక్కడ నుంచిన అక్కడ ఉండుటయే పారతంత్ర్యమని బోధించిరి. 2020లో ఇంటనే యుండి, వృద్ధులైన తల్లిదండ్రులకు సమయమునకు మందును అన్నమును అందించిన గృహస్థుడు భక్తి లేనివాడు కాడు. అతడు చేసినది నందిగ్రామ కైంకర్యము.

ఇది మనకు క్రొత్తయు కాదు. జాతాశౌచ మృతాశౌచములలో ఆస్తికుడు ఆలయమునకు పోడు. ఆ పది దినములు పోలేదని అతనిని నాస్తికుడని ఎవరును అనరు. పోకుండుట కూడ ఒక నియమమే, ఒక ఆరాధనయే. ఆళ్వార్ తిరునగరిలో చింతచెట్టు క్రింద కూర్చున్న నమ్మాళ్వారులు దివ్యదేశములకు నడచి పోలేదు. ఆయా దివ్యదేశముల పెరుమాళ్లే ఆయన యెదుట సాక్షాత్కరించిరని సంప్రదాయము చెప్పును. మహారాష్ట్రమున వారకరీ భక్తులు ప్రతి యేడును పండరీపురమునకు పాదుకల పల్లకీతో వారములకొలది నడచుదురు. 2020లో ఆ పాదయాత్ర మానుకొని, ఆలందినుండి జ్ఞానేశ్వరుని పాదుకలను, దేహూనుండి తుకారాముని పాదుకలను బస్సులలో కొనిపోయిరి. లక్షలమంది నడువవలసిన త్రోవలో కొలదిమందియే పోయిరి. ఇంట నిలిచిన వారకరీకి ఆ యేకాదశి ఉపవాసముకంటె కఠినమైన ఉపవాసమయ్యెను. పూరీక్షేత్రమున సైతము జూన్ 23న రథములు భక్తసమూహము లేకయే కదలినవి. పరీక్షలు చేయించుకొన్న సేవకులే వానిని లాగిరి. జగన్నాథుని వైభవమునకు కొరత కలిగినదని ఎవ్వరును చెప్పలేరు.

ఐనచో దూరముగ నుండుటయే ఎల్లప్పుడును ధర్మమా? కాదు. ఇక్కడ గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున చేసిన విభాగము మిక్కిలి ఉపకరించును. విధ్యుక్తమైన కర్మమును మోహముచే విడుచుట తామసత్యాగము. దేహమునకు క్లేశము కలుగునను భయముచే విడుచుట రాజసత్యాగము. దానికి త్యాగఫలము లేదు. కర్తవ్యమని యెంచి, ఫలాసక్తిని విడిచి చేయుటయే సాత్త్వికము. తపస్సు విషయమునను, మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకొనుచు గాని, ఇతరులకు హాని కలుగునట్లు గాని చేయునది తామసమని పదునేడవ అధ్యాయమున చెప్పెను. వ్యాధి కాలమున గుంపులోనికి దూకిన పట్టుదల ఈ తామసతపస్సు వంటిది. జ్వరముతో నున్న తండ్రిని గదిలో నుంచి, తలుపు వేసి, కుశలమైనను అడుగని దూరము రాజసత్యాగము వంటిది. చూచువారికి రెండవది జాగ్రత్తగనే కనిపించును. దాని లోపల నున్నది భయము మాత్రమే.

ఆ సంవత్సరములలో కొన్ని చోట్ల బంధువులు మృతదేహమును తీసికొనుటకు రాలేదు. పారిశుద్ధ్య కార్మికులు, పరిచయము లేని యువకులు రక్షణవస్త్రములు ధరించి అంత్యక్రియలు నెరవేర్చిరి. శ్రీవైష్ణవులు ఇట్టి సందర్భమున మాఱనేరి నంబిని స్మరింపవలెను. ఆళవందారుల శిష్యుడగు ఆయన ఆచార్యుని వ్యాధిని ప్రసాదముగా కోరి తన దేహమున ధరించెను. ఆయన పరమపదించినప్పుడు, కులమునుబట్టి బంధుజనము ఆక్షేపించినను, పెరియ నంబి తామే సంస్కారము జరిపిరి. జటాయువునకు రాముడు చేయలేదా అని వారి సమాధానము. మాస్కు ధరించి, చేతులు కడుగుకొని, వైద్యులు చెప్పిన నియమముతో రోగికి పథ్యమందించువాడు భయమును జయించినవాడు, ఇతరులను కాపాడినవాడు కూడ. ఆసుపత్రులలోని వైద్యులు, నర్సులు చేసినదిదియే. వారు ప్రాణమునకు తెగించి రోగిని సమీపించిరి. కాని ఇంటికి పోయినప్పుడు బిడ్డలను తాకక దూరముగ నిలిచిరి. సమీపించుటయు దూరముగ నుండుటయు ఒకే ధర్మమున రెండు చేతులైనవి.

ప్రాణము నిలుపుకొనుట సైతము త్యాగమగు వేళ కలదని మన చరిత్రయే సాక్ష్యము చెప్పును. 1323లో ఢిల్లీ సైన్యము శ్రీరంగమును ముట్టడించినప్పుడు పిళ్లై లోకాచార్యులు వార్ధక్యమున ఉత్సవమూర్తిని వెంటగొని అడవులలో నడచి, త్రోవలోనే పరమపదించిరి. సుదర్శనసూరి తన యిద్దరు కుమారులను, శ్రుతప్రకాశికా గ్రంథమును వేదాంతదేశికులకు అప్పగించిరి. దేశికులు శవముల నడుమ దాగి ఆ బాలురను, గ్రంథమును కాపాడిరని గురుపరంపర వచించును. స్వామి యెదుట పోరాడి ప్రాణము విడిచినవారిని ఎవరును తక్కువ చేయరు. ఐనను ఆ రాత్రి దేశికులు కూడ ప్రాణమిచ్చియుండినచో ఆ పసివారికి దిక్కెవరు? శ్రీభాష్యమునకు ఆ వ్యాఖ్యానము నేడు మనకు లభించెడిదా? రంగనాథుడు తిరుమలలో రంగనాయకుల మంటపమున విశ్రమించి, 1371లో శ్రీరంగమునకు మరల వేంచేసెను. స్వామియే దాదాపు నలువదియెనిమిదేండ్లు తన పట్టణమునకు దూరముగ నుండెను. భక్తుడు ఎనుబది దినములు ఓర్వలేడా?

ఇంకొక మాట చెప్పక తప్పదు. దేవాలయము మూతపడినప్పుడు పూలు, కొబ్బరికాయలు అమ్ముకొనువారు, క్షురకులు, బరువులు మోయువారు, కాఫీకొట్టు నడుపువారు జీవనోపాధిని కోల్పోయిరి. పట్టణములలోని కూలీలు బిడ్డలను భుజముల నెత్తుకొని వందల మైళ్లు నడచి స్వగ్రామములు చేరిరి. వృద్ధులను కాపాడుటకై సంఘము తలపెట్టిన నియమము యొక్క భారము బీదలమీద అధికముగా పడెను. జీతము నెలనెల వచ్చువాడు "ఇంటనుండుడు" అని చెప్పుట సులభము. ఇతరులచేత చేయించిన త్యాగమునకు తాను పుణ్యము వ్రాసికొనరాదు. దానికి ప్రతిఫలముగ తన కొట్టులోని ధాన్యమును తీసి పెట్టవలెను. తిరుపతిలో దేవస్థానము అన్నపు పొట్లములు పంపినది. ఎన్నో గ్రామములలో గృహస్థులు బియ్యము, పప్పు పంచిరి. రంతిదేవుని నీరు ఆ పొట్లములలో నుండెను.

కావున ఆపత్కాలమున గృహస్థుడు తన్ను తాను మూడు విషయములు ప్రశ్నించుకొనవలెను. ఈ పనిలో పణముగ పెట్టబడునది నా ప్రాణమా, నాకంటె బలహీనుని ప్రాణమా? నేను పోనిచో నిలిచిపోవునది ఒక జీవుని రక్షణమా, నా మనస్సునకు కలుగు తృప్తియా? నేను వెనుకకు తగ్గుట వారి మేలుకొరకా, నా భయము కొరకా? ఈ మూటికి నిజమైన సమాధానము చెప్పుకొన్నవానికి త్రోవ తానే తెలియును.

మహమ్మారి నేడు ఆనాటి తీవ్రతతో లేదు. 2021 జనవరి 16న మన దేశమున టీకాలు మొదలైనవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని తెలిపెను. క్యూలైనులలో మరల గోవిందనామము మ్రోగుచున్నది. కాని ధర్మము ఒక వ్యాధితో ముగియదు. జ్వరముతో, దగ్గుతో నున్న దినమున యాత్రను వాయిదా వేసికొను భక్తుడు, క్యూలో తన వెనుక నిలిచిన ముసలమ్మను కాపాడుచున్నాడు. ఆ దినమున ఇంటి దేవతార్చన పీఠముముందు కూర్చుండి, ఆనందనిలయమును మనస్సున నిలిపి, తులసీదళము సమర్పించినచో, సర్వాంతర్యామి దానిని కొండమీదనే స్వీకరించును. పాదుకలతో పదునాలుగేండ్లు గడిపిన భరతుని రాముడు ఒడిలోనికి తీసికొన్నట్లు, అట్టి భక్తుని శ్రీనివాసుడు తప్పక ఆదరించును.

శ్రీనివాసుడు సర్వజనులకు ఆయురారోగ్యములను, దుర్బలులను కాపాడు బుద్ధిని ప్రసాదించుగాక.